అట్టల్లేని చదువు

పుస్తకాన్ని తూకానికి కొనేవాళ్ళకి అట్ట అంటే ఒళ్ళుమంట. అట్ట బరువు, చదవడానికి అందులో ఏమీ ఉండదు. పైగా పాత కాగితాల కొట్లో అట్టది ఒక రేటు, లోపలి కాగితానిది ఒక రేటు. రెండూ కలిపి వేస్తే కాగితం మిల్లువాడు ఒప్పుకోడు. అందుకని కొట్లోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ ముందు జరిగే మర్యాద ఒకటే. కొట్టు యజమాని దాన్ని మోకాలి కింద అదిమిపెట్టి, ముందు అట్ట ఒక్క గుంజు, వెనక అట్ట ఒక్క గుంజు గుంజి అవతల పారేస్తాడు. జిగురు గట్టిదైతే అట్టలతో పాటు ముందు కాగితాలు కొన్ని, వెనక కాగితాలు ఇంకొన్ని ఊడి వచ్చేస్తాయి. పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు ముందు కాగితాలతో పోతాయి. కథ చివరికి ఏమైందన్నది వెనక కాగితాలతో పోతుంది. మిగిలిన మొండేన్ని పంతులమ్మ కొనుక్కుంటుంది.

పంతులమ్మ అంటే బళ్ళో పాఠాలు చెప్పే మనిషి కాదు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతలు పెట్టే మనిషి. మధ్యాహ్నం అన్నాల వేళ అందరూ కబుర్లలో పడితే, ఈవిడ ఆరబెట్టే మిషన్ల వెనక బల్ల మీద కూర్చుని చదువుకుంటుందని అక్కడివాళ్ళు వెటకారంగా పెట్టిన పేరది. మొదట్లో ఉడుక్కుంది, తరవాత అలవాటు పడింది, ఆ తరవాత ఎవరైనా సొంత పేరుతో పిలిస్తే వెంటనే పలకడం మానేసింది.

కొత్త పుస్తకాల షాపులోకి ఆవిడ ఒక్కసారే వెళ్ళింది. ధర చూసి, చెయ్యి కాలినట్టు పుస్తకాన్ని దించేసింది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మేవాడు ఆశపడే మొహాన్ని చూసి రేటు పెంచే రకం. లైబ్రరీ ఉంది, లేకేం! సభ్యత్వం కావాలంటే నెలజీతం వచ్చే మనిషెవరైనా జామీను సంతకం పెట్టాలన్నారు. మొగుడు గోడలకి రంగులు వేసే పనివాడు, ఆయన సంతకం చెల్లదట. లాండ్రీ యజమానిని అడిగితే, "నువ్వు పుస్తకం పారేస్తే నా పీక పట్టుకుంటారు. నీకెందుకమ్మా ఈ చదువులు, దుప్పట్ల సంగతి చూడు" అన్నాడు. ఇంక మిగిలింది తక్కెడే.

కొట్టు యజమానిని అందరూ బాబాయ్ అంటారు. "నాకోసం ఒక్కదానికి అట్ట ఉంచు బాబాయ్" అని ఈవిడ చాలాసార్లు బతిమాలింది. "దానికేం భాగ్యం అమ్మాయ్, ఉంచుతాను. అట్ట బరువు కూడా నువ్వే ఇచ్చుకో మరి" అనేవాడాయన. ఈవిడ ఆలోచనలో పడేది. అట్ట బరువుకి ఇంకో సన్నపాటి పుస్తకం వచ్చేస్తుంది. "వద్దులే బాబాయ్, చించెయ్" అనేది. ఆ మాట ఆవిడ నోటితో ఆవిడే అనేది. తరవాత ఎంత తల బాదుకుంటే ఏం లాభం?

పుస్తకాలకి పేర్లు లేవు కనక తనే పెట్టుకుంది. కుంటి డాక్టరు, ఇద్దరు తోడికోడళ్ళు, ఆగిపోయిన రైలు, గడియారాల తాత. మంచం కింద అవన్నీ దారాలతో కట్టిన కట్టలుగా ఉండేవి.

ఇక ముగింపుల సంగతి. పెద్ద దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని. ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని, లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి కలవాలి. పంతులమ్మకి జోడీ ఒక పెద్దావిడ. ఈవిడ పిన్నీ అని పిలిచేది. పిన్నికి చదవడం రాదు, కథలంటే చెవి కోసుకుంటుంది. చేతులు దుప్పట్ల మీద, నోరు కథల మీద పెట్టి ఈవిడ చెబుతూ పోయేది. కాగితాలు అయిపోయిన చోట ఆగేది.

"ఆ తరవాత?" అనేది పిన్ని.

"తరవాత కాగితాలు లేవు పిన్నీ."

పిన్ని దుప్పటి కొస వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకునేది. "పొద్దుట్నించీ ఊరించి ఊరించి ఇప్పుడు లేవంటావా? ఏమైందో చెబుతావా, ఈ దుప్పటి నువ్వొక్కదానివే మడతపెట్టుకుంటావా?"

అవతల సూపర్‌వైజరు కళ్ళు ఇటే ఉండేవి. అందుకని ఈవిడ ఏదో ఒకటి చెప్పేది. మొదట్లో నసుగుతూ చెప్పేది, తరవాత్తరవాత తడుముకోకుండా చెప్పేది. ఏడుపుగొట్టు ముగింపు చెబితే పిన్ని మొహం మాడ్చుకుని దుప్పట్లు వంకరగా పట్టేది. కనక ఈవిడ చేతిలో పడ్డ కథల్లో పోయినవాళ్ళు తిరిగొచ్చారు, విడిపోయినవాళ్ళు కలిశారు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు లేచి కూర్చున్నారు. ఒకసారి చెప్పింది పిన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. ఏళ్ళు గడిచేసరికి ఏది పుస్తకంలో చదివిందో, ఏది దుప్పటి కోసం అల్లిందో ఆవిడకే తెలియకుండా పోయింది.

జామీను అడిగిన ఆ లైబ్రరీలోనే ఆవిడ ఆడపడుచు రోజుకూలీకి ఊడ్చి తుడిచే పని చేస్తుంది. ఒక సాయంత్రం ఆయాసపడుతూ వచ్చింది. "వదినా, మా కౌంటర్లో పుస్తకాలిచ్చే మనిషి కావాలట. పెద్ద చదువు అక్కర్లేదట, బాగా చదివే అలవాటుంటే చాలట. ఆ మాట విన్నప్పట్నించీ నాకు నువ్వే కళ్ళ ముందు కనపడుతున్నావు."

"ఇన్నాళ్ళకి నీ చిత్తుకాగితాలకి మంచిరోజులొచ్చాయే!" అని మొగుడు వేళాకోళం చేశాడు కానీ, ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన రోజు పొద్దున వంట తనే చేశాడు. జీతం లాండ్రీ కంటే నయమే. ఆవిడకి జీతం మీద ధ్యాస లేదు. అక్కడి పుస్తకాలకి మొదలూ ఉంటుంది, చివరా ఉంటుంది. కౌంటర్లో కూర్చున్న మనిషిని జామీను ఎవరూ అడగరు. ఆ ఉద్యోగం కోసం ఆవిడ బతుకులో ఎన్నడూ ఆశపడనంతగా ఆశపడింది. ఆశపడటం ఇంకా కొత్త కనక దాచుకోవడం చేతకాలేదు. పిన్నితో సహా లాండ్రీలో అందరికీ చెప్పేసింది.

లైబ్రరీ మేడ మీద గదిలో ముగ్గురు కూర్చున్నారు. కళ్ళజోడు లైబ్రేరియన్, ఎక్కణ్ణించో వచ్చిన ఆఫీసరు, కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్.

"ఏమేం చదివావమ్మా?" అన్నాడు లైబ్రేరియన్.

"చాలా చదివానండీ."

"చాలా అంటే? ఓ నాలుగు పేర్లు చెప్పు."

"కుంటి డాక్టరు పుస్తకం అండీ…" అని మొదలుపెట్టి, ఆఫీసరు నవ్వు చూసి ఆగిపోయింది.

"రాసిందెవరు?"

"తెలియదండీ. వాటికి అట్టలుండవండీ. బాబాయ్ చించేస్తాడు."

"ఏ బాబాయ్?" అన్నాడు ఆఫీసరు. ఈసారి లైబ్రేరియన్ కూడా నవ్వాడు. అట్టలు, తక్కెడ, మిల్లు అంతా వివరంగా చెప్పబోయింది కానీ, చెబుతుంటే అది ఆవిడకే కట్టుకథలా వినపడింది.

మేడమ్‌కి జాలేసింది. "పోనీ, నీకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్పు" అంది.

ఇది చేతనైన పని. గడియారాల తాత కథ ఎత్తుకుంది. గడియారాలు బాగుచేసే ముసలాయన, కోపంలో తను వెళ్ళగొట్టిన కూతుర్ని వెతుక్కుంటూ, దారిలో పని చేసుకుంటూ ఊరూరా తిరుగుతాడు. చెబుతున్నకొద్దీ ఆవిడ గొంతులో వణుకు పోయింది. ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు. మేడమ్ కుర్చీలో ముందుకి జరిగి, "ఇది నాకు తెలుసండీ!" అని పుస్తకం పేరు, రాసినామె పేరు కూడా చెప్పింది.

పంతులమ్మకి ఒళ్ళు పులకరించింది. ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషి పేరు ఇవాళ పరాయివాళ్ళ నోట మొదటిసారి విన్నట్టుంది. ఉద్యోగం వచ్చేసిందనే అనుకుంది.

"మరి చివరికేమవుతుంది?" అంది మేడమ్ నవ్వుతూ.

"ఆఖరి ఇంటి ముందు నిలబడి తలుపు కొడతాడండీ. లోపల అడుగుల చప్పుడు వినపడుతుంది. కూతురే తలుపు తీస్తుంది. నాన్నా అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళుతుంది."

మేడమ్ నవ్వు తగ్గింది. "అలా జరగదు కదమ్మా."

"జరుగుతుందండీ. కూతురే తీస్తుంది. నేను చదివాను కదండీ!"

"ఏటా పిల్లలకి నేను పాఠం చెప్పే పుస్తకమమ్మా అది."

అప్పటికి గానీ ఆవిడకి వెలగలేదు. తలుపు తీసింది కూతురు కాదు, పిన్ని. దుప్పటి వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకున్న పిన్ని. "చివరి కాగితాలు లేవండీ. అది నేనే…" అంది.

"చదివానని ఇప్పుడే గదా దబాయించావు?" అన్నాడు ఆఫీసరు. లైబ్రేరియన్ వైపు తిరిగి, "ఎవరో చెప్పగా విని వచ్చింది" అన్నాడు.

దేనికైనా ఒప్పుకునేది గానీ ఆ మాటకి కడుపు రగిలిపోయింది. కళ్ళు నొప్పులు పుట్టేలా చదివిన మనిషిని పట్టుకుని చదవలేదంటే ఏమని చెప్పుకోవాలి? సాక్ష్యం ఎవర్ని తేవాలి? తక్కెడనా? ఆ ముగ్గురిలో తూకానికి పుస్తకం కొన్న మొహం ఒక్కటీ లేదు. ఏదో అనాలని నోరు తెరిచింది. తెరిస్తే వచ్చిన మాట ఇది:

"అయితే చివరికి ఏమవుతుందండీ?"

"చదివితే తెలిసేది" అంది మేడమ్. లైబ్రేరియన్ తరవాతి మనిషిని పిలిచాడు.

కింద బీరువాల మధ్య ఆడపడుచు తుడుస్తోంది. ఎదురొచ్చినా ఆమెని పలకరించకుండా పంతులమ్మ బీరువాల్లో వెతికింది. ఇప్పుడు పేరు తెలుసు కదా, దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. గట్టి అట్ట, రంగు బొమ్మ. దాన్ని చూడనైనా చూడకుండా చివరికి తిప్పి, నిలబడే చదివింది.

తలుపు తీసింది ఎవరో కొత్త మనిషి. నువ్వు వెతికే అమ్మాయి ఈ ఇంట్లోనే జబ్బుచేసి పోయి చాలాకాలమైందని చెబుతుంది. ఎవరు నువ్వు, ఏమవుతావు అని అడుగుతుంది. ఏమీ కానమ్మా అంటాడు ముసలాయన. ఇంట్లో ఆగిపోయిన గడియారాలేమైనా ఉన్నాయా, బాగుచేసి పెడతాను అంటాడు. అంతే. ఇంకో అక్షరం లేదు.

చదవగానే తెలిసింది, ఆ కథకి అది తప్ప వేరే ముగింపు లేదని. తను ఇన్నేళ్ళూ చెప్పింది పిల్లల్ని నిద్రపుచ్చే మాట. మంచం కింద కట్టలకి తను ఇంకెన్ని అబద్ధాలు అతికించిందో అనుకుంటూ పుస్తకాన్ని మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

"ఏమైంది వదినా?" అంది ఆడపడుచు చీపురు పక్కన పెట్టి.

"ముసలాయనకి కూతురు దొరకలేదట."

"ఏ ముసలాయన? నేనడిగేది ఉద్యోగం సంగతి!"

"అదీ దొరకలేదు" అంది పంతులమ్మ.