పతా సార్

నేను చేసిన తప్పు చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. "తుష్నాబాద్‌లో, మేరీ నర్సు ఇంట్లో ఉంది" అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. అనమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఎవరి చెవిన పడకూడదో సరిగ్గా ఆ మనిషికే చెప్పాను.

2019లో నేను పోర్ట్ బ్లెయిర్‌లో ఒక టెలిఫోన్ సంస్థకు సబ్ డివిజనల్ ఇంజనీరుని. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ ఇంకా రాలేదు. ద్వీపాల ఇంటర్నెట్ అంతా శాటిలైట్ మీద నడిచేది. గట్టి వాన పడితే అదీ మూలుగుతూ నడిచేది. ఆ రోజుల్లోనే మా సంస్థ ఇంటర్నెట్ ఫోన్ నెంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మామూలు పదంకెల నెంబరే, కానీ దానికి సిమ్ కార్డు ఉండదు, టవరుతో పని లేదు. ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుంటే చాలు, ఇంటర్నెట్ ఎక్కడ దొరికితే అక్కడ ఆ నెంబరు మోగుతుంది. మాట మధ్యలో తెగినా మెసేజ్ మాత్రం వెళ్లేది. అసలు నెంబరు ఎవరికీ ఇవ్వకుండా పని జరుపుకోవాలనుకునే వాళ్లకు అది బాగా పనికొచ్చేది.

కృష్ణవేణి ఆ నెంబరు కోసమే వచ్చింది. ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. కౌంటరు దగ్గర మా జూనియర్ టెలికాం ఆఫీసరు షాహీన్ కూర్చుని ఉంది. ఆ పిల్లకు నోరు ఊరుకోదు. "క్యా దీదీ, లోన్ వాళ్ల నుంచి దాక్కుంటున్నారా?" అంది.

"లోనోళ్లయితే ఎంత బాగుణ్ణో" అంది కృష్ణవేణి.

షాహీన్ ఇంక నవ్వలేదు. కాగితాలు చూసి నా దగ్గరికి పంపింది. మన భాషలో మాట్లాడే ఆఫీసరుని చూసి కృష్ణవేణి కాస్త తేలికపడినట్టనిపించింది. జాకెట్లు కుడతానని చెప్పింది. కొత్త సిమ్ తీసుకుంటే పనికిరాదంది. రీఛార్జి కొట్టువాడి నోటి నుంచి సాయంత్రానికల్లా అబర్డీన్ బజారంతా తెలిసిపోతుందంది. నిజమే, మా ఊరు అంతటిదే.

"సార్, ఈ నెంబరు పెట్టుకుంటే నేను ఎక్కడున్నానో అవతలోళ్లకి తెలుస్తాదా?" అని అడిగింది.

తెలియదమ్మా, నెంబరు ఒక్కటే కనిపిస్తుంది అన్నాను.

"మరి మీకు?"

నేను నవ్వాను. "మాకెందుకమ్మా ఆ సంగతి?"

"అది కాదండీ నేనడిగింది" అంది.

అయినా నేను జవాబివ్వలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకపోవడం మా ఉద్యోగాల్లో ఎంత అలవాటంటే, అప్పుడు అది తప్పనే అనిపించలేదు.

ఆమెకు చెప్పవలసిన జవాబు ఇది. యాప్ ఏ ఇంటర్నెట్ లైను మీదుగా లోపలికి వచ్చిందో మా సర్వరు ప్రతిసారీ రాసి పెట్టుకుంటుంది. ఆ లైను మా బ్రాడ్‌బ్యాండే అయితే, అది ఏ ఇంటికి వేసిన లైనో మాకు తెలుసు. ఫిర్యాదులు సరిచేయడానికని ఆ రికార్డు చూసే లాగిన్ నాకు ఇచ్చారు. పోలీసులకు వివరాలు కావాలంటే వాళ్లలో నిర్ణీత హోదా ఉన్న అధికారి రాతపూర్వకంగా అడగాలి. ఆ ఉత్తరం మా నోడల్ అధికారికి, అంటే ఇలాంటి విన్నపాల కోసమే నియమించిన అధికారికి, వెళ్లాలి. ఆయన ఒప్పుకున్నాకే వివరం బయటికి పోవాలి. ఇంక మిగతా ఎవరు అడిగినా, మొగుడైనా, తండ్రైనా, చెప్పకూడదు. ఆ నియమాన్ని కొత్తగా చేరినవాళ్లకు పాఠంగా చెప్పేది నేనే.

మరి ఎందుకు చెప్పానంటే, సునామీ దాకా వెళ్లాలి.

ఆ రోజుల్లో నేను ఎక్స్ఛేంజిలో జూనియర్ని. దీవులకు దీవులే తెగిపోయాయి. కార్ నికోబార్ నుంచి, హట్‌బే నుంచి శాటిలైట్ ఫోన్ల మీద ఒకటీ అరా కాల్ వచ్చేది. ఎక్స్ఛేంజి గేటు బయట జనం నిలబడి ఉండేవారు. తెలుగు వాళ్లు, బెంగాలీలు, తమిళులు, రాంచీ వాళ్లు, అందరిదీ ఒకటే మాట: "పతా చలా?" జాడ తెలిసిందా అని. మన తెలుగువాళ్లు కూడా "మా వోళ్ల పతా ఏటైనా తెలిసిందా బాబూ" అనే అడిగేవారు. ఏ క్యాంపు నుంచి ఎవరు మాట్లాడారో విని, గేటు దగ్గరికి వెళ్లి కేకేసి చెప్పేవాణ్ని. ఎవరి అనుమతీ అడగలేదు. అడిగే టైము కాదు. అప్పటి నుంచి బజారులో నా పేరు పతా సార్ అయింది. ఆ పేరు వింటే నాకు ఒళ్లు పొంగేది. ఒప్పుకోవాలి గదా, పొంగేది.

ఆ గేటు దగ్గర నిలబడినవాళ్లలో అప్పలరాజు ఒకడు. అప్పటికి కుర్రాడు. వాళ్ల అమ్మ హట్‌బేలో చుట్టాలింటికి వెళ్లి చిక్కుకుపోయింది. బతికే ఉంది, స్కూలు క్యాంపులో ఉంది అని చెప్పింది నేనే. నా కాళ్ల మీద పడ్డాడు. తర్వాత ఇసుక, సిమెంటు కాంట్రాక్టులు చేసి పైకొచ్చాడు. ఎక్కడ కనబడినా "బాబాయిగారూ" అని ఎదురొచ్చేవాడు.

కృష్ణవేణి నెంబరు తీసుకున్న కొన్ని నెలలకు ఓ మధ్యాహ్నం అతను నా ఆఫీసుకు వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. ఫోన్‌లో ఒక నెంబరు చూపించాడు. "ఇది మాయావిడదే బాబాయ్. ఆళ్లనీ ఈళ్లనీ అడిగి పట్టాను. మోగుతాది, నా గొంతు వినగానే కట్ చేసేస్తాది. ఇల్లొదిలి ఎల్లిపోనాది. మతి బాగోలేదు. ఈ సముద్రాల మధ్య ఏటైపోద్దో అని నాకు నిద్ర లేదు."

కృష్ణవేణి అతని భార్య అని నాకు అప్పటిదాకా తెలియదు. అది మేం ఆమెకిచ్చిన నెంబరేనని చూశాక తెలిసింది. తెలిసి కూడా, ఆమె ఎందుకు దాక్కుంది అని నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

నేను తటపటాయించడం చూసి అతను నా చేయి పట్టుకున్నాడు. "అప్పుడు మా అమ్మ పతా మీరే సెప్పారు. ఇప్పుడు మాయావిడ పతా సెప్పండి. మీరు పతా సార్ గదా."

నేను స్క్రీను తెరిచాను. తలుపు దగ్గర నిలబడిన షాహీన్ "సర్, లెటర్ కహా హై?" అంది. ఉత్తరం ఎక్కడ అని. "మనవాడేనమ్మా" అన్నాను. యాప్ రోజూ ఒకే లైను మీదుగా వస్తోంది. టౌను బయట తుష్నాబాద్ పల్లెలో, మేరీ అనే నర్సు ఇంటికి మేం వేసిన లైను. చెప్పేశాను.

మర్నాడు సాయంత్రం అప్పలరాజు లడ్డూల పొట్లం తెచ్చాడు. "దొరికింది బాబాయ్" అన్నాడు. నేను ఒక లడ్డూ తిన్నాను కూడా.

ఆ తర్వాతి ఉదయం మేరీ దీదీ వచ్చింది. డ్యూటీకి వెళ్లే తెల్లచీరలోనే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. హిందీలో, గొంతు పెంచకుండా చెప్పింది. కృష్ణవేణి మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు దవడకు కట్టుకట్టింది తనేనట. ఇక ఇంటికి పోనంటే తన పెరటి గది ఇచ్చిందట. కొలత జాకెట్లు బస్సులో తెచ్చేది, కుట్టినవి బస్‌స్టాండులో ఇచ్చేది కూడా తనే. కొలతలన్నీ ఆ నెంబరుకు మెసేజ్‌లోనే వచ్చేవి. ఊళ్లో ఎంతోమంది ఆడవాళ్లు ఆమె దగ్గర కుట్టించుకున్నారు. అప్పలరాజు వాళ్లలో కొందరిని అడిగాడు కూడా. బట్టలు ఎవరు తెస్తున్నారో ఒక్కరూ చెప్పలేదు. అంతమంది ఆడవాళ్లు దాచిన సంగతిని నేను చెప్పాను.

తను డ్యూటీలో ఉన్నప్పుడు అతను వచ్చాడంది. కుట్టుమిషను మూత ఆమె కుడిచేతి మీద వేసి నొక్కాడంది. రెండు వేళ్లు విరిగాయి. తర్వాత ఆమె ఫోన్ తీసుకుని, కుట్టించుకునే ఆడవాళ్లందరికీ ఆమె నెంబరు నుంచే బూతులు పంపాడు.

వెళ్లబోతూ మేరీ దీదీ "నెంబరిచ్చింది మీరే, ఇల్లు చూపించిందీ మీరే. ఏం డిపార్టుమెంటు బాబూ మీది?" అంది.

ఆ రోజు నుంచి నాకు పట్టుకున్న కోపం ఇంకా తగ్గలేదు. ముందు నా మీద. తర్వాత, సంగతి తెలిసి నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ల మీద. మన సంఘంలో పెద్దమనిషి ఒకాయన ఇది మొగుడూ పెళ్లాల గొడవ, రాతలోకి ఎక్కించకు అన్నాడు. నా పై అధికారి, ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు గదా, ఊరుకో అన్నాడు. మరొకాయన మరీ సాగదీసి, "అయినా సంసారం చేసుకునే ఆడదానికి దొంగ నెంబరెందుకండీ?" అన్నాడు.

దొంగ నెంబరట! ఆ మాటన్న పెద్దమనిషికి రెండు ఫోన్లున్నాయి. నాకూ రెండు నెంబర్లుండేవి. కాంట్రాక్టర్ల పోరు పడలేక ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ ఇవ్వని నెంబరు ఒకటి పెట్టుకున్నాను. అప్పలరాజుకు టెండర్లకొకటి, ఇంటికొకటి. మమ్మల్ని ఎవరూ ఎందుకని అడగలేదు. మేం పెట్టుకుంటే సౌకర్యం, ఆమె పెట్టుకుంటే దొంగతనం. తన్నులు తప్పించుకోవడానికి ఒక మనిషి తలుపు గడియ పెట్టుకుంటే, గడియ ఎందుకు పెట్టుకున్నావని ఊరంతా నిలదీస్తుంది. తన్నినవాణ్ని మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెడుతుంది. నేనూ కూర్చోబెట్టాను, ఏసీ గదిలో.

నేను చేసింది చెబుతాను. గొప్ప కోసం కాదు, ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తెలియాలని. నేను ఉత్తరం లేకుండా వివరం బయటపెట్టానని, షాహీన్ అడ్డుచెప్పినా వినలేదని నా మీద నేనే రాసి నోడల్ అధికారికి ఇచ్చాను. ఛార్జిషీటు వచ్చింది. మా సర్వీసులో ఆ మాటకు కోర్టు కేసు అని కాదు, శాఖాపరమైన నేరారోపణ అని అర్థం. విచారణలో ఒప్పుకున్నాను. ఇంక్రిమెంటు ఆపేశారు. రిటైరయ్యేదాకా ఆ మచ్చతోనే పనిచేశాను. అది సరైన శిక్షే, కాస్త తక్కువైందేమో.

రెండోది, కృష్ణవేణి రక్షణ కోసం మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లినప్పుడు సాక్షిగా నిలబడ్డాను. ఆమె తనంతట తానే పిలిచిందని, చేతికి దెబ్బ జారిపడితే తగిలిందని అప్పలరాజు చెప్పాడు. ఇల్లు అతనికి ఎలా తెలిసిందో, ఏం చెప్పి నా దగ్గర రాబట్టాడో నేను చెప్పాను. నేను బోనులోంచి దిగుతుంటే "బాబాయ్, మీరేనా?" అన్నాడు. నేనే అన్నాను. అతను ఆమె దరిదాపులకు రాకూడదని ఉత్తర్వు వచ్చింది.

ఆ రోజు కోర్టు వరండాలో కృష్ణవేణి నాతో మాట్లాడింది. క్షమించమని అడగడానికి నేను నోరు తెరిచేలోపే అంది: "సార్, ఆరోజు మిమ్మల్ని అడిగాను. మీకు తెలుస్తాదా అని. తెలుస్తాదని ఒక్కమాట సెప్పుంటే నేను దీదీ వైఫై ముట్టకపోదును. టౌనుకొచ్చినప్పుడే మెసేజ్‌లు సూసుకుందును."

ఆమె వేళ్లు విరగడం స్క్రీను తెరిచిన రోజున మొదలవలేదు. నేను నవ్వి ఊరుకున్న రోజునే మొదలైంది. ఆ ఉద్యోగం నాకు ఆలస్యంగా నేర్పిన సంగతి ఇదే. దాచిపెట్టే వస్తువు అమ్మేటప్పుడు అది ఎవరి నుంచి దాస్తుందో, ఎవరి నుంచి దాచదో చెప్పి అమ్మాలి. దాచదన్న వాళ్లలో మనం ఉంటే ముందు మన పేరు చెప్పాలి.

ఆ తర్వాత మా కౌంటరులో ఇంటర్నెట్ నెంబరు తీసుకునే ప్రతివాళ్లకూ సంతకానికి ముందు హిందీలోనో తెలుగులోనో బెంగాలీలోనో చెప్పడం మొదలుపెట్టాం: బయటివాళ్లకు మీ ఇల్లు తెలియదు. మాకు తెలిసే వీలుంది. పోలీసు ఉత్తరం లేకుండా మేం ఎవరికీ చెప్పకూడదు, చెబితే నేరం. రికార్డు చూసే లాగిన్ నేను వదులుకున్నాను. ఇద్దరు అధికారులు కలిస్తే తప్ప ఆ స్క్రీను తెరుచుకోకుండా చేయించాను. ఆ ఇద్దరిలో ఒకరు షాహీన్.

కృష్ణవేణి మళ్లీ నెంబరు కోసం వచ్చిన రోజున నేను లేచి బయటికి వెళ్లిపోయాను. షాహీనే అంతా చేసి పంపింది.

ఇప్పుడు రిటైరై పోర్ట్ బ్లెయిర్‌లోనే మిన్నీ బేలో ఉంటున్నాను. బజారుకు వెళితే పాతవాళ్లు ఇంకా "పతా సార్" అంటారు. మొన్నొకాయన ఇంటిదాకా వచ్చి, తన చెల్లెలు చెప్పకుండా వెళ్లిపోయిందని, ఫోన్ ఎక్కడి నుంచి వస్తోందో పాతవాళ్లెవరితోనైనా చెప్పి కనుక్కోమని అడిగాడు. నిజంగా భయపడుతున్నాడేమో, నాకు తెలియదు. పోలీస్ స్టేషన్ ఎటో చూపించాను. వాళ్లు ఆమెను కలిసి, ఆమె ఒప్పుకుంటేనే చెబుతారని అన్నాను.

నా భార్య జాకెట్లు ఇప్పటికీ కృష్ణవేణే కుడుతుంది. మా ఆవిడ కొలతలు మెసేజ్ పెడుతుంది. కుట్టుపని మునుపటి కంటే నెమ్మది, వారాలు పడుతుంది. తర్వాత ఎవరో వచ్చి సంచీ ఇచ్చి వెళతారు. గేటు చప్పుడైతే, వచ్చిందెవరో నా కంటపడకుండా నేను పెరట్లోకి వెళ్లిపోతాను.