వంకాయలేరే అత్త

విశాఖ జైలు నుంచి విడుదలై అనకాపల్లిలో మా అన్నయ్య ఇంటికి వచ్చాక, నెల రోజులు నేను గడప దాటలేదు. ఒక పొద్దున మా వీధి చివర బట్టలు కుట్టే అత్త సంచి పట్టుకుని వచ్చి, "బజారుకెల్దాం, రాయే. వంకాయలేరాల," అంది. నాకంటే ముందు జైలు నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లనీ ఆమె ఇలాగే బయటికి తెచ్చిందని తరవాత తెలిసింది.

నేనేం చేసి లోపలికెళ్లానో ఆమె ఎప్పుడూ అడగలేదు. బజారులో జనం నన్ను చూసి గుసగుసలాడుతుంటే, ఒక వంకాయ నా ముందు పెట్టి, అందరికీ వినపడేలా, "ఇది పుచ్చిందేటి, సూసి సెప్పు," అనేది. నేను చెప్పేదాకా కదిలేది కాదు. రోజూ వెళ్లగా వెళ్లగా, కూరలమ్మే ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

ఒకరోజు అత్త రాలేదు. చాలాసేపు చూసి, ఒక్కదాన్నే వెళ్లి ఆమెకీ మాకూ కూరలు కొని, కంగారుగా వాళ్లింటికెళ్లాను. ఆమె తాపీగా మిషను తొక్కుతోంది.

"ఒంట్లో బాగోలేదా అత్తా?"

"నాకేటి, బాగానే ఉన్నాను. ఒక్కదానివీ ఎల్తావో లేదో సూద్దామని కూకున్నాను."

ముందు కోపమొచ్చింది. ఆ వెనకే నవ్వొచ్చింది. ఊళ్లోకి వచ్చాక నేను నవ్వడం అదే మొదలు.