కుక్కర్ విజిల్‌తో సహా ఎనిమిది పాటలు

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో ఏ ఆఫీసు మెట్లెక్కినా ఎదురుగా ఒక గిటారు దిగుతూ కనిపించేది. దాని వెనకాల తప్పకుండా ఒక గడ్డం ఉండేది. కోడింగ్ సరిగ్గా రాని కంపెనీలుండేవి గానీ బ్యాండ్ లేని కంపెనీ ఉండేది కాదు. మా కంపెనీ బ్యాండ్‌లో గాయకుణ్ణి నేనే. నన్నెవరూ ఎన్నుకోలేదు. నాకు గిటారు రాదు, డ్రమ్స్ అసలే రావు, జుట్టు మాత్రం భుజాల దాకా ఉంది, అందుకని మైకు నా చేతికిచ్చారు. (ఆ జుట్టు గురించి ఇప్పుడు మాట్లాడుకోవద్దు. పోయినవాళ్ళ గురించి చెడ్డగా అనకూడదంటారు.) నేను మైకును ఎంత సీరియస్‌గా తీసుకున్నానంటే, ఉద్యోగానికి రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్టుల్లో పెట్టుకున్నాను. మా ఆల్బమ్ బయటికి రావడం, కంపెనీ వార్షికోత్సవంలో స్టేజీ దద్దరిల్లడం, మర్నాడు పొద్దున్నే ఆ మెయిల్ పంపేయడం, ఇదీ నా ప్లాను.

ఆల్బమ్ అంటే సొంత పాటలనుకునేరు. మేం పుట్టకముందే ఎవరో పాడి, పేరూ డబ్బూ సంపాదించి, ముసలివాళ్ళై విశ్రాంతి తీసుకుంటున్న ఎనిమిది ఇంగ్లిష్ రాక్ పాటల్ని మళ్ళీ పాడటం. సొంతంగా ఒకటి రాసుకోవచ్చుగా అని ఎవరైనా అడిగితే జాలిగా నవ్వేవాణ్ణి. అసలు చిక్కంతా గొంతుతో వచ్చింది. ఆ పాటలు పాడినాయన గొంతులో ఒక గరగర ఉంటుంది. అది ఆయనకు బోలెడంత పొగా, సీసాల కొద్దీ మందూ కలిసి ప్రసాదించిన గరగర. నాకు పొగ పడదు, మందు వాసనకే తలనొప్పి. అందుకని రోజూ పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసిన పుల్లమజ్జిగ రెండు గ్లాసులు తాగి గొంతు పాడుచేసుకునేవాణ్ణి. రాక్ సంగీతం కోసం మజ్జిగతో చెడిపోయిన మొదటివాణ్ణి బహుశా నేనే.

రికార్డింగ్ నిజాంపేటలో, నేను కిరాయికున్న డాబా మీది గదిలో జరిగేది. కిటికీలకు పరుపులు కట్టి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి పాడేవాళ్ళం. డ్రమ్స్ వాయించేది చందానగర్ అన్న. గణేశ్ నిమజ్జనంలో డప్పు కొట్టి చెయ్యి తిరిగిన మనిషి, ఆఫీసులో నా పక్క సీటు. ఎంత మెల్లటి పాట ఇచ్చినా చివరికి ట్యాంక్‌బండ్ మీదికి తీసుకెళ్ళి వదిలేవాడు. కింద ఇంట్లో ఓనరమ్మ ఉండేది. ఆ ఊరు ఊరుగా ఉన్నప్పటి మనిషి. మొదటి ఆదివారం నేను పైస్థాయి అందుకోగానే పరుగున పైకొచ్చి తలుపు తట్టింది.

"ఏంది బిడ్డా, గట్ల ఒర్లుతున్నవ్? గొంతుల ఏమన్న ఇరుక్కున్నదా? దవాఖానకు పోదామా?"

పాడుతున్నానని చెప్పాను. నమ్మలేదు. "బట్టలారేసేటప్పుడు కూనిరాగం తీస్తవ్ సూడు, గది మంచిగుంటది. గీ గరగర ఎందుకు? ఎవల్దో అంగీ తొడుక్కున్నట్టున్నది" అని దిగిపోయింది. ఆమెకు రాక్ తెలియదని మేం ముగ్గురం తీర్మానించుకున్నాం. (మూడోవాడు గిటారిస్టు. ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు, అందువల్లే మంచి పేరుండేది.)

ఎనిమిదో పాట ఆఖర్లో ఒక పొడుగాటి కేక ఉంటుంది. ప్రాణం పెట్టి లాగాను. నేను ఆపిన మరుక్షణం కింద వంటింట్లోంచి ఓనరమ్మ కుక్కర్ నిఖార్సుగా విజిల్ వేసింది. రికార్డులో శుభ్రంగా పడింది. మళ్ళీ పాడదామంటే ఆ రోజుకిక గొంతు లేదు, అలాగే ఉంచేశాం.

ఇక మా మేనేజరు. భీమవరం వైపు మనిషి. ఏ మాటకైనా ముందు ప్రాసెస్ అంటాడు కాబట్టి మాకు ప్రాసెస్‌గారు. వార్షికోత్సవంలో అవకాశం ఆయన చేతిలో ఉంది. ఆల్బమ్ వినిపించి అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ పాట నచ్చలేదని కాదండీ. ప్రాసెస్ అంటూ ఒకటుంటుంది కదండీ. టెస్ట్ చేయకుండా మనం ఏదీ బయటికి పంపం. టీములో పెట్టండి, విననివ్వండి. క్రిటికల్ బగ్ ఒక్కటి కూడా లేకపోతే స్టేజీ మీదేనండి."

మేమంతా టెస్టర్లం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి బగ్ ట్రాకర్‌లో రాయడమే మా పని. ఏమి జరగాలి, ఏమి జరిగింది, ఎంత ప్రమాదం అని రాసి, బాధ్యుడి పేరు మీద వేస్తాం. అతను సరిచేసేదాకా అది మూతపడదు. అలాంటివాళ్ళు నూటఇరవైమందికి నా ఆల్బమ్‌ను నేనే అప్పగించాను. సాయంత్రానికి నలభైమూడు బగ్గులు నా పేరు మీద పడ్డాయి. "రెండో పాట: గాయకుడు శ్రుతి దాటాడు, తిరిగి రాలేదు. క్రిటికల్." "ఐదో పాట: వింటుండగా పక్కసీటావిడ నాకు మంచినీళ్ళిచ్చింది. మేజర్." "అన్ని పాటలు: డ్రమ్స్ వల్ల గాయకుడు సరిగా వినిపించడం లేదు. దీన్ని సరిచేయవద్దు." ఇన్నేళ్ళుగా డెవలపర్లు మమ్మల్ని ఎందుకు అసహ్యించుకునేవారో ఆ సాయంత్రం నాకు అర్థమైంది.

"ఫికర్ చెయ్యకు తమ్మీ, ఒక్కొక్కటి సంపుకుంట పోదాం" అన్నాడు చందానగర్ అన్న. రెండు వారాలు భోజనం వేళల్లో అదే పని. శ్రుతి తప్పినచోట నా గొంతు తగ్గించి గిటారు పెంచాం. అలా పెంచుకుంటూ పోతే రెండు పాటల్లో నేను దాదాపు లేను, ఆ రెంటికీ మంచి స్పందన వచ్చింది. ఆఖరి బగ్ కుక్కర్ విజిల్. దాన్ని కత్తిరించి, అన్నీ మూసేసి, కొత్త ఆల్బమ్ పెట్టి ఊపిరి పీల్చుకున్నాం. గంటలో ఒకటి మళ్ళీ తెరుచుకుంది. "ఎనిమిదో పాట: విజిల్ కనిపించడం లేదు. ఇంతకుముందు బాగా పనిచేసేది. క్రిటికల్." దానికి మద్దతుగా అరవైమంది సంతకాలు చేశారు. ఆల్బమ్ మొత్తంలో జనానికి నచ్చింది కుక్కరే. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, కానీ స్టేజీ కావాలి. విజిల్ తిరిగి పెట్టాం. ప్రాసెస్‌గారు ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద: స్టేజీ మీద కూడా విజిల్ ఉండాలి. రికార్డు చేసింది వేస్తే మోసం అవుతుంది.

కుక్కర్ ఇవ్వమని అడిగితే ఓనరమ్మ, "నా కుక్కర్ నా చెయ్యి మాటే ఇంటది, నేనొస్త" అని పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. గేటు దగ్గర సెక్యూరిటీ రిజిస్టర్‌లో 'కుక్కర్ ఒకటి, గ్యాస్కెట్‌తో, తిరిగి తీసుకెళ్ళబడును' అని రాయించి, సీరియల్ నంబర్ అడిగారు. "అరవై రూపాయలు తక్కువకిచ్చిండు, గదే నంబరు" అందామె. ఇంట్లో మూడుసార్లు రిహార్సల్ వేశాం. గ్లాసుడు బియ్యం, పప్పు, సరిగ్గా పాట మొదట్లో స్టవ్ మీద పెడితే కేక అయ్యేసరికి విజిల్. ఒక్క క్షణం తేడా రాలేదు. అయితే హాల్లోకి తినే పదార్థాలు తేకూడదని రూలు. ప్రాసెస్‌గారు స్వయంగా బియ్యం, పప్పు బయట పెట్టించి, బదులుగా కుక్కర్ నిండా చల్లటి కూలర్ నీళ్ళు పోయించాడు. టెస్టర్లం నూటఇరవైమందిమి ఉన్నాం. మారినదాన్ని మళ్ళీ ఒకసారి టెస్ట్ చేయాలని ఒక్కడికి తట్టలేదు.

ఎనిమిదో పాట ముగింపుకొచ్చింది. కేక అందుకున్నాను. హాలంతా స్టేజీ మూల స్టవ్ మీదున్న కుక్కర్ వైపు చూస్తోంది. విజిల్ లేదు. ఓనరమ్మ చేత్తో 'ఇంక జరసేపు' అని సైగ చేసింది. లాగాను. మజ్జిగ గరగర అయిపోయింది. చందానగర్ అన్న దరువు వేసి వేసి ఆపేశాడు, గిటారు కూడా ఆగింది. ఆపితే పరువు పోతుంది, అరవడానికి గొంతు లేదు. ఏం చేయాలో తోచక, అదే పాటను, బట్టలారేసేటప్పుడు తీస్తానే, ఆ కూనిరాగంలో మెల్లగా అందుకున్నాను. ఎవరి అంగీ తొడుక్కోకుండా. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెయ్యిమంది నిశ్శబ్దంగా వినడం ఎలా ఉంటుందో నాకప్పటిదాకా తెలియదు. రెండో చరణం ఎత్తుకోబోయాను.

కుక్కర్ విజిల్ వేసింది.

హాలు పైకప్పు లేచిపోయింది. జనం కుర్చీలెక్కారు. ఓనరమ్మను స్టేజీ ముందుకు తీసుకొచ్చి శాలువా కప్పారు, ఆమె కుక్కర్‌తో ఫొటోలు దిగారు. నన్నెవరో కొంచెం పక్కకు జరగమన్నారు. ఆ సాయంత్రమే డ్రాఫ్టుల్లోని రాజీనామా తుడిచేశాను, తర్వాతి నెల జుట్టు కత్తిరించాను, మజ్జిగ మామూలుగా తాగడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మా ఆఫీసు కోకాపేటలో, ఇరవయ్యో అంతస్తులో. ప్రాసెస్‌గారు రిటైరయ్యాడు, ఆయన సీట్లో నేనున్నాను, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కూడా అబ్బింది. పోయిన నెల ఒక కొత్తమ్మాయి మెయిల్ పెట్టింది. పాత బగ్ ట్రాకర్ మూసేస్తున్నాం, మీ పేరు మీద ఒకటి తెరిచే ఉంది సార్, శుక్రవారంలోగా క్లోజ్ చేయండి అని. తెరిచి చూశాను. వార్షికోత్సవం మర్నాటి తేదీ. రాసింది ప్రాసెస్‌గారు. "ఎనిమిదో పాట, స్టేజీ మీద: విజిల్‌కు ముందు ఒక అరనిమిషం గాయకుడు చాలా బాగా పాడాడు. కారణం తెలియదు. మళ్ళీ జరిగేలా చూడగలరు."

ఆ అరనిమిషాన్ని ఒకరు విన్నారన్నమాట. ఆల్బమ్ బగ్గుల జాబితా మళ్ళీ తెరవని నేను అప్పటిదాకా చదవలేదు, అంతే. లేచి మెట్లవైపు వెళ్ళాను, అందరూ లిఫ్టెక్కుతారు కాబట్టి అక్కడెవరూ ఉండరు. పాట మెల్లగా మొదలుపెట్టాను. మెట్లు బాగానే విన్నాయి. తిరిగొచ్చి బగ్ కింద, "ప్రయత్నించాను. ఇంకోసారి చూస్తాను" అని రాసి, క్లోజ్ చేయకుండా వదిలేశాను. శుక్రవారం ఆ అమ్మాయి మళ్ళీ గుర్తు చేసింది. ఒక వారం గడువు అడిగాను.