కార్డుకు జ్ఞానతల్లి

హసింతా నిద్ర లేవగానే, జడ వేసుకోకముందే, కిటికీ దగ్గరికి వెళ్లి కొండ తలమీద మబ్బు టోపీ ఉందో లేదో చూస్తుంది. ఆమె పుట్టిన త్లస్కాలాలో ఒక పెద్ద కొండ ఉంది. నీలిపావడా అమ్మ అంటారు దాన్ని. ఆ అమ్మ టోపీ పెట్టుకుందంటే మధ్యాహ్నానికి వాన. ఇక్కడ, న్యూ హేవెన్‌లో, మా ఫెయిర్ హేవెన్ పేట ఇళ్లకప్పుల అవతల కనిపించేది కొండ అనడానికి మొహమాటపడే ఎర్రరాతి గుట్ట. దాని టోపీకీ వానకీ సంబంధం లేదు. అయినా ఆమె చూస్తుంది. "ఇవాళ లేదు" అని ఎవరికో కబురు చెప్పినట్టు చెప్పి, అప్పుడు దువ్వెన అందుకుంటుంది.

ఆమె పని గ్రాండ్ అవెన్యూ మీది రొట్టెల దుకాణంలో. పండగ రొట్టెలు చేయడంలో ఆమెకు పేరుంది. పిండి పొంగుతున్నంతసేపూ గిన్నె మీద తడిగుడ్డ కప్పి, దానిపై అరచెయ్యి ఆనించి, కళ్లు సగం మూసుకుని నిలబడుతుంది. నిద్రపోతున్న బిడ్డ వీపు మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది చూసేవాళ్లకు. ఆ సమయంలో ఆమెను పలకరిస్తే వెంటనే జవాబు రాదు. చాలా దూరం నుంచి నడిచి వచ్చినట్టు, కాసేపటికి వస్తుంది.

ఆమె ఉండేది నది దగ్గర ఒక చెక్క ఇంటి పై వాటాలో. అక్కాతమ్ముళ్ల వరసో, మేనరికమో కాదుగానీ, ఆ వాటాను అద్దెకు తీసుకున్న ఫిదెన్సియోకి ఆమె చుట్టమే. అతని కూతురి జ్ఞానస్నానంలో పక్కన జ్ఞానతల్లిగా, అంటే దేవుడి ముందు బిడ్డకు రెండో తల్లిగా, నిలబడింది. అప్పటినుంచి అతనికి ఆమె కొమాద్రె, ఆమెకు అతను కొంపాద్రె. ఈ బంధుత్వం రక్తసంబంధం కంటే గట్టిది. కొమాద్రెను "మీరు" అనాలి. ఆమెతో పోట్లాడకూడదు. ఆమె మీద ఫిర్యాదు చేయకూడదు, అదీ జీవితాంతం. ఆ ఇంట్లో ఫిదెన్సియో, అతని భార్య, కూతురు, హసింతా, ఆమె అక్క కూతురు అరసేలి ఉంటారు. అద్దె కాగితంలో ఉన్నది మాత్రం ముగ్గురే. కింది వాటాలో ఉండే ఇంటావిడ, ఇటలీ నుంచి చిన్నప్పుడు వచ్చిన ఫిలొమేనా ముసలమ్మ, తల మీద అయిదుగురి అడుగుల చప్పుడు వింటూ ముగ్గురివే విన్నట్టు బతికేది.

ఒక వేసవిలో తలుపుకు పోస్టాఫీసు చీటీ అంటించి ఉంది. పార్సిల్ వచ్చింది, ఇంట్లో ఎవరూ లేరు, గుర్తింపు కార్డుతో వచ్చి తీసుకోండి అని.

ఆ పార్సిల్లో ఏముందో హసింతాకు తెలుసు. తల్లి పోయాక ఆమె వంతుకు వచ్చిన బాలయేసు. మట్టితో చేసి రంగులద్దిన బొమ్మ, మూరెడు కూడా ఉండదు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆయన్ని ఒళ్లో పెట్టి ఊపి జోలపాడతారు. ఫిబ్రవరిలో కొత్త బట్టలు కట్టి కుర్చీలో కూర్చోబెడతారు. తమ్ముడు ఊరు వదిలి ఉత్తరాదికి పనికి వెళ్తూ, దారిలో ఆ పెట్టెను పంపాడు. ఇక్కడ తీసుకోకపోతే అది వెనక్కి పోతుంది. వెనక అందుకోవడానికి ఎవరూ లేరు.

హసింతా దగ్గర ఒక్కటే కాగితం ఉంది, పుట్టిన సర్టిఫికెట్. దేశం సరిహద్దు నది దాటినప్పుడు తడిస్తే ఇస్త్రీ చేసి దాచుకుంది. అరసేలిని తోడు తీసుకుని వెళ్లి దాన్నే కౌంటరు మీద పెట్టింది.

"ఇందులో మీ ఫోటో లేదమ్మా" అన్నాడు అవతలి మనిషి, మంచిగానే.

అరసేలి ఆ మాట స్పానిష్‌లో చెప్పగానే హసింతా ఆశ్చర్యపోయింది. "పుట్టినరోజున ఎవరికైనా ఫోటో ఎక్కడ ఉంటుంది? ఆయన్నే అడుగు."

అరసేలి అడగలేదు. పిన్ని చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. ఫోటో ఉన్న కాగితం కావాలని ఎక్కడికి వెళ్లినా, ముందు ఫోటో ఉన్న ఇంకో కాగితం చూపించమన్నారు.

"అయితే దేవుణ్ణి కూడా కాగితాల్లేవనే పట్టుకున్నారన్నమాట" అన్నాడు ఫిదెన్సియో, బీన్స్ గిన్నెలోంచి తలెత్తకుండా.

"నవ్వకండి కొంపాద్రె. ఆయన ఎప్పుడూ పరాయిచోట ఒంటరిగా లేడు."

ఆ తర్వాత ఆమెకు కలలు మొదలయ్యాయి. పొద్దున్నే పొయ్యి దగ్గర అరసేలికి చెప్పేది. పోస్టాఫీసు అలమరాల మధ్య నది పారుతోందట. పార్సిళ్లన్నీ పడవల్లా మెల్లగా కదులుతున్నాయట. బాలయేసు ఒక అట్టపెట్టె అంచున కూర్చుని కాళ్లు నీళ్లలో ఆడిస్తున్నాడట. కాలికి ఒక చెప్పు లేదు. ఇంకోరోజు ఆయన అక్కడి ఉద్యోగుల టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ల చీటీలకు ముద్ర వేస్తున్నాడట. ఆమె వంతు వచ్చేసరికి తల వంచుకుని, "నీకు మొహం లేదు కదా" అన్నాడట.

"అంత మాట అన్నాడా?" అంది అరసేలి.

"కోపంగా కాదే. జాలిగా అన్నాడు."

ఆ రోజుల్లోనే నగరం వాళ్లు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ ఊళ్లో ఉంటే చాలు, ఏ దేశంనుంచి వచ్చావని అడగరు. పేరు, ఫోటో, వీధి, అంతే. చర్చి మెట్ల మీద, లాండ్రీలో, ఎక్కడ చూసినా అదే మాట. పేర్లు రాయించుకుని తర్వాత పట్టుకుపోతారని కొందరు, పోలీసు ఆపితే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుందని కొందరు. హసింతా ఒక్కటే అడిగింది, "పోస్టాఫీసులో చెల్లుతుందా?"

చెల్లుతుందన్నారు. పుట్టిన సర్టిఫికెట్ సరిపోతుందన్నారు. కానీ ఈ ఊళ్లోనే ఉంటున్నట్టు రుజువు కావాలి. కరెంటు బిల్లు, అద్దె కాగితం అన్నీ ఫిదెన్సియో పేరున ఉన్నాయి. ఇక మిగిలింది ఇంటావిడ సంతకం.

అరసేలి కిందికి వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది.

"ఏమంది?"

"పైన ఉన్నది ముగ్గురే, నిన్ను నేనెప్పుడూ చూడలేదు అంది. నాతోనే మాట్లాడుతూ అంది పిన్నీ!"

తప్పు ఎక్కడ జరిగిందో హసింతాకు అప్పుడే అర్థమైంది. ముఖ్యమైన పని మొదలుపెట్టేముందు దానికి జ్ఞానతల్లిని వెతకాలి. వాళ్ల ఊళ్లో ఇల్లు కట్టినా, లారీ కొన్నా, ఆఖరికి గ్యాసు పొయ్యి తెచ్చుకున్నా దానికి ఒక జ్ఞానతల్లి ఉంటుంది. ఆవిడ చేతుల్లోంచి అందుకున్నదే నిలుస్తుంది. ఇంత పెద్ద వస్తువును అనాథలా తెచ్చుకోవాలనుకున్నారు వీళ్లు.

ఆదివారం ఆమె ఒక పెద్ద పండగ రొట్టె కాల్చింది. నువ్వులు చల్లి, కుట్టుపని చేసిన గుడ్డలో చుట్టి, బుట్టలో పెట్టుకుని కిందికి దిగింది. అరసేలి వెనకాలే వెళ్లి గుమ్మం బయట నిలబడింది. ఫిలొమేనా మాట్లాడేది వాళ్ల ఊరి ఇటలీ భాష. హసింతాది స్పానిష్. సగం మాటలు కలుస్తాయి, మిగతా సగం చేతులు పూరిస్తాయి.

హసింతా కుర్చీ చూపించినా కూర్చోలేదు. పెద్దలు అడిగే పద్ధతిలో చేతులు కట్టుకుని అంది, "సిన్యోరా, మీరు పెద్దవారు. మా ఇంటికి కొత్తగా ఒకటి రాబోతోంది. దానికి మీరు జ్ఞానతల్లిగా నిలబడాలి. కాదంటే నాకు కోపం రాదు. సిగ్గు మాత్రం వేస్తుంది."

ఫిలొమేనా గుమ్మం వైపు చూసింది. "ఆ పిల్లకా? అయ్యో, పెళ్లి కూడా కాలేదే!"

బయట అరసేలి మొహం కందిపోయింది. "నాకేం లేదు సిన్యోరా!"

"బిడ్డ కాదు" అంది హసింతా. "కార్డు. నగరం వాళ్లు ఇచ్చేది. నా ఫోటో ఉంటుంది."

ముసలమ్మ నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, మంచినీళ్లు తాగి, మళ్లీ నవ్వింది. "కార్డుకి జ్ఞానస్నానం చేయిస్తావా! నీళ్లు పోస్తే పాడైపోదూ?"

"కొద్దిగానే చల్లుతాం."

నవ్వు ఆగాక ఫిలొమేనా గుడ్డ మడత విప్పి రొట్టెను వాసన చూసింది. ఆ వాసన ఆమెను ఎక్కడికో తీసుకెళ్లినట్టుంది. సముద్రం మీదికి వంగిన నిమ్మతోటల ఊరు ఆమెది. "మాకూ ఉంది ఇది" అంది మెల్లగా. "కొమారె అంటాం మేము. ఒకసారి ఆ మాట అనుకున్నాక ఇక తెంచుకోవడం లేదు. నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో. అడిగేవాళ్లందరూ పోయారు."

"ఇప్పుడు నేను అడుగుతున్నాను."

"జన్మంతా మోయాలి, తెలుసా? నేనెలాగూ ఎక్కువకాలం బతకను."

"అయితే మీకు పెద్ద బరువుండదు కదా."

ఫిలొమేనా ఆమె చేతిమీద చిన్న దెబ్బ వేసి రొట్టె తుంచింది. ఒక ముక్క తను నోట్లో వేసుకుని, ఇంకోటి హసింతాకు ఇచ్చింది. ఆ తర్వాత ఆమే అడిగింది, "మరి ఆ కార్డు రావాలంటే ఏం చెయ్యాలి కొమారె?"

"నేను ఇక్కడ ఉంటున్నానని మీరు సంతకం చెయ్యాలి."

ఫిలొమేనా చాలాసేపు ఆమె మొహం చూసింది. కాగితంలో లేనివాళ్లు ఉన్నారని తెలిస్తే పై వాటాలోకి నగరం వాళ్లు తనిఖీకి వస్తారన్న భయం ఆమెది. కాదనడానికి మాత్రం వీల్లేదు, రొట్టె గొంతు దిగింది.

"నువ్వు మామూలుదానివి కాదు" అంది చివరికి. "కళ్లజోడు తీసుకురా. ఆ బ్రెడ్డు డబ్బా పక్కన ఉంటుంది."

కార్డు తీసుకునే రోజు ఫిలొమేనా నల్లగౌను వేసుకుని, ముత్యాల బ్రోచ్ పెట్టుకుని, ఆ ఎండలో చెమటలు కక్కుతూ నగర కార్యాలయానికి వచ్చింది. వరస మెట్ల దాకా ఉంది. హసింతా ఫోటోకి కూర్చున్నప్పుడు పిండి గిన్నె ముందు నిలబడినట్టే కళ్లు సగం మూసుకుంది. "కళ్లు తెరవండి, ఇటు చూడండి" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ రెండోసారి ఆమె ఎంత గట్టిగా చూసిందంటే, కార్డులో ఇప్పటికీ ఎవరినో పోల్చుకుంటున్నట్టు ఉంటుంది.

కార్డు యంత్రంలోంచి వెచ్చగా వచ్చింది. కౌంటరు దగ్గరి అమ్మాయి అందించబోతే హసింతా చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తీసుకోండి, మీదే."

"ముందు ఆవిడ చేతికి ఇవ్వాలి."

"అలా కుదరదండీ. ఎవరి కార్డు వాళ్లకే ఇవ్వాలి."

"నేను ముందు ముట్టుకోకూడదమ్మా."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు, "కార్డిస్తుంటే వద్దంటోంది, నాకిచ్చెయ్యండి!" అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచే, వరసలో ఉన్న త్లస్కాలా మనిషి ఒకాయన, "జ్ఞానతల్లిని తెచ్చుకున్నారు, ఉండండయ్యా" అన్నాడు గౌరవంగా. అంతా సర్దుకున్నారు. కౌంటరు అమ్మాయి కార్డును బల్ల మీద పెట్టి, కిందపడిన పెన్ను కోసం వంగింది. వెతకడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది. ఆమె లేచేసరికి కార్డు ఫిలొమేనా అరచేతుల్లోంచి హసింతా అరచేతుల్లోకి చేరింది. ముసలమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏ ప్రార్థన చదివిందో ఎవరికీ వినిపించలేదు.

అక్కడినుంచి నేరుగా పోస్టాఫీసుకే వెళ్లారు. పార్సిల్ ఇంకా ఉంది. వెనక్కి పంపేవాటి గుట్టలోకి అప్పటికే మార్చారు గానీ, బండి ఎక్కించలేదు. కౌంటరు మనిషి కార్డునూ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూసి తలూపాడు. పెట్టెను ఇంటిదాకా హసింతా ఒళ్లోనే పెట్టుకుంది. వంటగది బల్లమీద విప్పితే పాత వార్తాపత్రికల మధ్య బాలయేసు కళ్లు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ఎడమకాలి బొటనవేలి దగ్గర కొంచెం పెచ్చు ఊడింది. హసింతా ఆయన్ని ముందు కొమాద్రె చేతుల్లో పెట్టింది. ఫిలొమేనా తనకు తెలియకుండానే ఊపడం మొదలుపెట్టింది. అరసేలి చెప్పిందాని ప్రకారం ఆ మధ్యాహ్నం వంటగదిలో నది చప్పుడు కొంచెం దగ్గరగా వినిపించింది. ఆ తర్వాత హసింతాకు పోస్టాఫీసు కలలు రాలేదు.

చలికాలం రాగానే అసలు చిక్కు బయటపడింది. హసింతా గదిలో హీటరు ఆగిపోయింది.

"వెళ్లి ఆవిడతో చెప్పు పిన్నీ, బాగు చేయించమను" అంది అరసేలి, రెండు దుప్పట్లలోంచి.

"కొమాద్రె మీద ఫిర్యాదా?"

"అయ్యో! పోనీ నువ్వు వెళ్లు మావయ్యా" అంది ఫిదెన్సియోతో.

"నా కొమాద్రెకి కొమాద్రె అంటే నాకు మాత్రం ఏమవుతుంది?" అన్నాడతను, టోపీ చెవులమీదికి లాక్కుంటూ. "ఇంటి ఓనరును చుట్టం చేసుకుంటే ఇదే గతి. ఇక మనం గట్టిగా తుమ్మడానికి కూడా లేదు."

ఎవరూ చెప్పలేదు. పైన చలిగా ఉందని ఫిలొమేనాకు తెలియడమైతే తెలిసింది, బాలయేసును చూడటానికి వచ్చినప్పుడు. తర్వాతి వారం ఆయనకు మందపాటి ఉన్ని అంగీ, రెండు కాళ్లకూ మేజోళ్లూ అల్లి తెచ్చింది. హీటరు సంగతి ఎత్తలేదు. హసింతా వంగి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుంది.

హసింతా ఇప్పుడూ ఆ పై వాటాలోనే ఉంటోంది. కార్డు గడువు ముగిసినప్పుడల్లా ఫిలొమేనాను వెంటబెట్టుకుని వెళ్లి కొత్తది తెచ్చుకుంటుంది. ఆదివారాలు వాళ్లిద్దరూ కిందే భోంచేస్తారు, కింది గదులు వెచ్చగా ఉంటాయి కాబట్టి.