టర్కీలో ఆపరేషన్, ఎల్‌బీ నగర్‌లో క్లెయిం

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, మేడారం జాతర జరిగిన ఏడాది మొదట్లో, మా బీమా సంస్థ నన్ను దిల్‌సుఖ్‌నగర్ డివిజనల్ ఆఫీసుకు ఆరోగ్య క్లెయిముల మేనేజరుగా వేసింది. ఆ కుర్చీలో కూర్చున్న తొలి ఆడమనిషిని నేనే. ఆ సంగతి నాకంటే ముందు అటెండరే అందరికీ చెప్పాడు, నేనూ కాదనలేదు.

జాతర ముగిసిన వారంలో ఎల్‌బీ నగర్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రి నుంచి క్యాష్‌లెస్ అభ్యర్థన వచ్చింది. పేషెంటు స్వరూప, అల్మాస్‌గూడ, నలభై దాటిన గృహిణి. పొట్టనొప్పి, వాంతులు, గ్యాస్ట్రైటిస్ కావచ్చని రాశారు. ఇలా చేరేవాళ్లలో చాలామందికి అసలు బెడ్డే అక్కర్లేదు కాబట్టి, మంజూరు చేసేముందు ఒకరం వెళ్లి మనిషిని చూసి రావడం మా ఆనవాయితీ. సిబ్బంది తక్కువై నేనే వెళ్లాను.

స్వరూప ముఖంలో నెత్తురుచుక్క లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంటోంది. ఇది గ్యాస్ నొప్పిలా లేదనిపించింది. పక్కనే ఆమె అత్త యాదమ్మ మాత్రం నన్ను చూడగానే కోడలి గురించి గొప్పగా ఎత్తుకుంది.

"పోయిన జాతరకు మా కోడలి ఎత్తు బంగారం మోయనీకి ఇద్దరు మొగోళ్లు పట్టిండ్రు మేడం. మొన్న తూకమేస్తే సగం మీద కొద్దిగనే అయింది. షుగరు గోలీలు గూడ బందైనయి. అంత సమ్మక్క తల్లి దయ!"

బంగారమంటే బెల్లం. మొక్కున్నవాళ్లు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని మేడారంలో అమ్మవార్లకు సమర్పిస్తారు, దాన్నే నిలువెత్తు బంగారమంటారు. తల్లి దయ మీద నాకూ నమ్మకముంది. కానీ మనిషి సగమై, షుగరు మాత్రలు కూడా ఆగిపోయాయంటే దాని వెనుక సాధారణంగా ఒక సర్జన్ కూడా ఉంటాడని ఇన్నేళ్ల క్లెయిములు నాకు నేర్పాయి. ఆస్పత్రి కాగితాల్లో మాత్రం అలాంటి ఆపరేషన్ ఊసే లేదు.

యాదమ్మను టీ తాగి రమ్మని పంపించి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"బరువు తగ్గే ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నారమ్మా?"

చేయించుకున్నారా అని అడిగితే లేదంటారు. ఎక్కడ అని అడగాలి. ఇది మా వృత్తిలో పాత పద్ధతే, నాకు బాగా అబ్బింది.

ఆమె తలుపు వైపు చూసింది. "మా అత్తకు చెప్పకున్రి మేడం. ఈడ ఏ దవాఖానకు పోయినా మా చుట్టమొకడు కనబడ్తడు. అందుకే అక్కతోని టూరు పోతున్ననని చెప్పి టర్కీల చేయించుకున్న. ఈ ముచ్చట డాక్టరుకు చెప్తే ఇన్సూరెన్స్ రాదని మా ఏజెంట్ అన్నడు."

పొట్ట మీది చిన్నచిన్న గాట్లు కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌వని డాక్టరుకు చెప్పిందట. నాకు ఏజెంటు మీద ఒళ్లు మండింది. ఆమె చెప్పినదాన్నిబట్టి అది గ్యాస్ట్రిక్ బైపాస్. అందులో పొట్టను చిన్నది చేసి పేగును తెచ్చి అతుకుతారు. తర్వాత లోపలి కొవ్వు కరిగేకొద్దీ ఏర్పడే సందుల్లో పేగు దూరి మెలిపడవచ్చు. ఆ ఆపరేషన్ సంగతే తెలియని డాక్టరు గ్యాస్ట్రైటిస్ అనుకోవడంలో తప్పులేదు.

"క్లెయిం వస్తుందని ఇప్పుడు మాటివ్వలేను. కానీ నిజం చెప్పినందుకు రాకుండా పోనివ్వను. డాక్టరుకు చెప్పకపోతే క్లెయిం తీసుకోవడానికి మీరే ఉండకపోవచ్చు," అన్నాను.

ఆమె చాలాసేపు ఏడ్చి, "పిలువున్రి మేడం," అంది.

సంగతి విన్న ఆస్పత్రి సర్జన్, చేరినప్పుడు తీసిన స్కాన్ మళ్లీ చూసి, ఆ సాయంత్రమే థియేటరుకు తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే పేగు కుళ్లిపోయేదని తర్వాత నాతో అన్నారు. పేగు మెలిపడిందని యాదమ్మకు చెప్పారు. అంతకు మించి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇక నా వంతు. పై ఆఫీసు రెండు అభ్యంతరాలు పెట్టింది: విదేశీ చికిత్సకు పాలసీ వర్తించదు, పైగా ఆమె దాచింది. మొదటిదానికి జవాబు సులువు. టర్కీ ఖర్చు ఆమె అడగలేదు. ఆపరేషన్ అక్కడ జరిగినా పేగు మెలిపడింది ఎల్‌బీ నగర్‌లో. బరువు తగ్గే ఆపరేషన్‌ను పాలసీ మినహాయించిన మాట నిజమే గానీ, బరువు ఒక హద్దు దాటి, షుగరు లాంటి జబ్బు ఉండి, డాక్టరు సలహా ఇస్తే ఆ మినహాయింపు వర్తించదు. మలక్‌పేటలో ఆమెకు షుగరు చూసే డాక్టరు ఆ సలహా తానే ఇచ్చానని, అప్పటి బరువుతో సహా రాసిచ్చారు.

రెండోదానికి మాత్రం గట్టిగానే రాశాను. ఆమె దాచింది నిజమే, కానీ అడగ్గానే నిజం చెప్పింది మన అధికారికే. దానికి శిక్ష వేస్తే రేపటి పేషెంటు ప్రాణం మీదికొచ్చినా నోరు విప్పడు. ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది, రెండుసార్లూ ఒక్క అక్షరం మార్చకుండా పంపాను. మూడోసారి మంజూరైంది. ఆ రోజు ఆఫీసులో కాస్త తలెత్తుకునే నడిచాను.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. మనకు భయపడి పేషెంటు డాక్టరు దగ్గర అబద్ధమాడితే, అందులో బీమా సంస్థకూ వాటా ఉంటుంది. అప్పటినుంచి మా వాళ్లెవరు ఆస్పత్రికి వెళ్లినా పేషెంటుతో మొదట అనాల్సిన మాట ఒకటే పెట్టాను: "మాకు తర్వాత చెప్పండి, ముందు డాక్టరుకు చెప్పండి." ఏ సర్క్యులర్‌లోనూ లేని ఆ నియమం నేను దిగిపోయేదాకా ఆ ఆఫీసులో నడిచింది.