కలోంజీ పొట్లం

షాహీన్ కుట్టిన జాకెట్టుకు వంక పెట్టినవాళ్లు మణుగూరులో లేరు. గని కాలనీ ఆడవాళ్లు పెళ్లిళ్ల రోజుల్లో ఆమె చుట్టూ తిరిగేవాళ్లు. పనంటే ప్రాణం ఆమెకు. ఒళ్లే మాట వినలేదు, ఏటికేడు లావెక్కుతూ పోయింది. మోకాళ్లు మొరాయించి మిషను తొక్కడం కూడా కష్టమయ్యాక, హైదరాబాదు వెళ్లి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుంది. విటమిన్ గోలీలు బతికున్నన్నాళ్లూ మింగాలని అక్కడి డాక్టర్లు గట్టిగానే చెప్పి పంపారు.

మొగుడు అహ్మద్ పాషాకు ఆపరేషన్ అన్న మాటే నామోషీ. "కడుపు కోయించుకున్నవంటే నలుగురు నవ్వుతరు. కలోంజీ, గదే నల్ల జీలకర్ర పొడి తాగి తగ్గిన అను" అన్నాడు. సరేనంది. అక్కడ మొదలైంది దరిద్రం.

ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. పాషా ఊరుకుంటాడా? తన కిరాణా కొట్టులో కలోంజీ పొట్లాలు కట్టి పెట్టాడు. వచ్చినవాళ్లకు కనబడేలా పెళ్లాం మిషను కూడా కొట్టు ముందుకు జరిపాడు. ఇంక ఆ మహాతల్లి అందరి ముందూ గోలీలెలా మింగుతుంది? డబ్బాను బియ్యంలో దాచింది. దాచీ దాచీ మరిచిపోయింది. మరిచినా ఏమీ కాకపోయేసరికి మానేసింది.

తర్వాత జుట్టు ఊడింది. వేళ్లు తిమ్మిరెక్కాయి. నడుస్తుంటే కాళ్ల కింద నేల తెలియకుండా పోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసమని సెలైన్ ఎక్కించి పంపాడు. ఒకరోజు గని కాలనీలో ఉండే సంగీత జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే తెల్ల పట్టు మీద ఎర్రటి మరక పడింది. చూస్తే సూది వేలిలోకి దిగి ఉంది. నొప్పే లేదు! షాహీన్ బెదిరిపోయి ఏడ్చింది.

ఖమ్మంలో డాక్టరు అడిగాడు. "ఇంతకుముందు ఆపరేషన్లేమన్నా అయినయా?"

"ఏం కాలే సార్" అన్నాడు పాషా, ఆమె నోరు తెరిచేలోపే.

షాహీన్‌కు ఒళ్లు మండిపోయింది. "అయింది సార్. పొట్ట కోసిన్రు. గోలీలు మింగమన్నరు. ఈయన పరువు పోతదని మింగలే."

రక్తంలో బీ12 విటమిన్ అడుగంటిందన్నాడు డాక్టరు. ఇంజెక్షన్లు రాశాడు. "కొంత తిరిగొస్తదమ్మా. వేళ్లు మునుపటిలెక్క అయితయని మాత్రం మాటియ్యలేను."

ఇప్పుడు మిషను మీద గుడ్డ కప్పి ఉంది. పొట్లాలు మాత్రం అమ్ముడుపోతూనే ఉన్నాయి. మొన్న సంగీత వచ్చి ఒకటి అడిగితే షాహీన్ ఆమె చేతిలోంచి లాగేసుకుంది.

"ఇదంతా దొంగమాట సంగీతా. నేను పొట్ట కోయించుకున్న. అది దాచెతందుకు మందులు బందువెట్టిన. ఇగో, సూది గుచ్చినా తెల్వదు ఈ వేళ్లకు."

పాషా తలెత్తకుండా పప్పు తూకమేస్తున్నాడు. సంగీత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వేళ్లను తన చేతుల్లోకి తీసుకుని కాసేపు నిమిరింది. తర్వాత షాహీన్ సన్నటి నడుము వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, గా ఆపరేషన్ ఏ దవాఖానాల చేస్తరు?"