డిప్ చాయ్‌కి ముగ్గురు జడ్జీలు

చదువు నన్ను ఎనిమిదో తరగతిలో వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని ఇంట్లో అంటారు. ఇద్దరు విడిపోయినప్పుడు తప్పెవరిదో బయటివాళ్లకేం తెలుస్తుంది? అప్పట్నుంచి సూర్యాపేటలో, హైవే పక్కన, చాయ్ కాస్తున్నాను. పాలు పొంగే చప్పుడు విని అందులో నీళ్లెన్ని కలిశాయో చెప్పగలనని నాకు పేరు. ఆ నీళ్లు కలిపేది నేనే కాబట్టి అది పెద్ద విద్యేమీ కాదు.

అక్క ఫోన్ చేసిన రోజు కూడా పొయ్యి ముందే ఉన్నాను.

"అరేయ్, చాయ్ సంగతి నీకంటె ఎవలకెరుక? ఒకసారి మిర్యాలగూడ రా."

నా జీవితంలో నా చాయ్‌కి కాకుండా నా తెలివికి వచ్చిన మొదటి పిలుపు అది. మధ్యాహ్నానికల్లా అక్కడున్నాను.

అక్కది మిర్యాలగూడలో టిఫిన్ సెంటర్. రోడ్డు మీది కిరాయి గది, ముందు రేకుల పందిరి. ఆ గదిని నెలాఖరుకి ఖాళీ చేయమని ఇంటాయన చెప్పేశాడు, కొడుకు ఫోన్ల దుకాణం పెడతాడట. ఈ సెంటర్ పెట్టక ముందు అక్క పదకొండేళ్లు ఒకాయన హోటల్లో పని చేసింది. సాంబారులో ఉప్పు ఎంత వేయాలో ఆయన్ని అడిగే వేయాలి. ఆయనకేమో ఉప్పుకీ తినే సోడాకీ తేడా తెలియదు. నాలుగేళ్ల కింద బయటికొచ్చి సొంతంగా పెట్టుకుంది. ఇప్పుడు గది పోతే మళ్లీ ఆయన పొయ్యే దిక్కు.

ఒక్క దారి దొరికింది. వాడపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్‌లో రోజూ పొద్దున టిఫిన్ చేసి పెట్టేవాళ్లు కావాలట. వంటగది వాళ్లదే, గిన్నెలూ వాళ్లవే, పొయ్యి మీద పెత్తనం మాత్రం వండేవాళ్లది. అక్కకి కావలసింది ఆ చివరిదే.

"దొరకకుంటె?" అన్నాను.

"ఆయన కాడికి నేను పోనురా. ఉప్పు అడిగి ఏసుడు నాతోని గాదిగ."

గెస్ట్ హౌస్ మేనేజర్ కోదాడ ఆయన. మాట మెత్తన, షరతు గట్టి. "మీ టిఫిన్ నేను తిన్నానమ్మా, దానికి వంక పెట్టేదేం లేదు. మా దగ్గర దిగే ఇంజనీర్లు పొద్దున్నే పాలు లేని టీ తాగుతారండీ, సంచుల్లో వచ్చేది. అది కుదిరితేనే వాళ్ల మొహాలు బాగుంటాయి. గురువారం ఒక్కసారి పెట్టి చూపించండి" అన్నాడట. వేడినీళ్లు, కప్పులు వాళ్లవి. సంచి ఏదో ఎంచి తేవలసింది మేము.

పాలు లేని చాయ్ మా వైపు రెండు సందర్భాల్లో తాగుతారు. పాలు విరిగినప్పుడు, డాక్టరు తిట్టినప్పుడు. పొద్దున్నే లేచి కోరి తాగేవాళ్లుంటారని విన్నాను కానీ, గోడ మీద నడిచేవాళ్లుంటారని విన్నట్టే విన్నాను.

మర్నాడు సూర్యాపేటలో రెండు డబ్బాలు కొన్నాను. కోదాడ వెళ్లి అక్కడ పెద్ద దుకాణంలో ఇంకో మూడు తీశాను. బిల్లు కొట్టే అమ్మాయి మూడు డబ్బాలనీ, నన్నూ చూసింది.

"ఇన్ని రకాలు ఎవరు తాగుతారండీ మీ ఇంట్లో?"

"తాగుడు గాదమ్మా, తీర్పు చెప్పాలె."

"అయితే ఇందులో ఈ పసుపుదొక్కటే తీసుకోండి, చవక. తీర్పు తొందరగా అయిపోతుంది."

ఆరోది మిర్యాలగూడలోనే దొరికింది. పేర్లు నోరు తిరగక రంగులతోనే పిలుచుకున్నాం: ఎర్రది, నీలంది, పచ్చది, నల్లది, తెల్లది, పసుపుది. ప్రతి డబ్బా మీదా ఒక కొండ, కొండ మీద మబ్బు, మబ్బు కింద బుట్ట వీపున వేసుకుని ఆకు తెంపుతూ నవ్వే ఆడమనిషి.

"పనిజేస్తుంటె గిట్ల నవ్వు రాదు. ఫొటో తీసెటాయన ఏదో చెప్పి ఉంటడు" అంది అక్క. ఆమె చిన్నప్పుడు పత్తి ఏరింది, ఆమె మాటకి సాక్ష్యం అక్కర్లేదు.

పొద్దుటి గిరాకీ అయ్యాక, పదకొండింటికి తీర్పు మొదలైంది. ముగ్గురు జడ్జీలం: నేను, అక్క, బావ. బావ రైస్ మిల్లులో పని చేస్తాడు, సంసారంలో మౌనం చేస్తాడు. పెళ్లయిన నాటి నుంచి అక్క ఏది పెట్టినా ఆయన అనేది ఒకటే మాట, "మంచిగుంది." మాడినా అదే, ఉప్పు మరిచినా అదే. ఆయన్ని జడ్జిగా పెట్టడం గడియారం బొమ్మను టైం అడగడం లాంటిది. కానీ ఆయన నోరు అబద్ధం చెప్పినా గ్లాసు చెప్పదని నేను కనిపెట్టాను. నచ్చితే అడుగు కనిపిస్తుంది. నచ్చకపోతే సగం దగ్గర ఆగి, గ్లాసును జరిపి, ఎటో చూస్తాడు.

పద్ధతి ఇది. ఒక పెద్ద గ్లాసులో మరిగిన నీళ్లు, అందులో ఒక సంచి, మూడు నిమిషాలు. ఆ తర్వాత ముగ్గురికీ మూడు చిన్న గ్లాసుల్లోకి పంచాలి. డబ్బా మీది ఇంగ్లీషు కూడబలుక్కుని అంతవరకూ చదివాను. మూడు నిమిషాలయ్యాక అక్క దారం పట్టి సంచిని పైకి లాగింది. లాగి, చింతపండు పిసికినట్టు పిసికింది. పొయ్యి మీది గిన్నెను బట్ట లేకుండా దించే వేళ్లు అవి, వేడి వాటికి లెక్క కాదు. చివరి చుక్క కూడా కారాక సంచి మాత్ర బిళ్లంత అయింది.

"సూడు, ఎంత రసం దాసుకున్నదో. నువ్వు తీసి పారేద్దువు."

"నిజమే అక్కా" అన్నాను. పిండమని డబ్బా మీద రాయలేదు. పిండొద్దని కూడా రాయలేదు. రాయని చోట మా ఇళ్లల్లో పిండడమే ధర్మం.

మొదట ఎర్రది. నోట్లో పోసుకోగానే నా రెండు చెవులూ దగ్గరికొచ్చాయి.

"వేపపుల్ల నమిలి ఆ నీళ్లు మింగినట్టుంది" అన్నాను.

"పైసల్ పెట్టి కొనుక్కున్న కషాయం" అంది అక్క.

"మంచిగుంది" అన్నాడు బావ, సగం గ్లాసు జరిపి కిటికీ వైపు చూస్తూ.

నీలంది కొత్త టైరును నానబెట్టినట్టుంది. పచ్చదాని రంగు చూసి అక్క, "గోడకు ఏస్తె రెండో కోటు అవసరం పడది" అంది. తెల్లది తాగాక నాలుక మీద చేయి వేసి చూసుకున్నాను, ఉందో లేదో అని. నల్లది అన్నిటికీ పెద్దన్న. కరెంటు స్తంభాన్ని నాకినట్టు ఒళ్లు జలదరించింది. బావ మాత్రం ప్రతిసారీ "మంచిగుంది" అంటూ, కిటికీలోంచి మిర్యాలగూడనంతా చూసేశాడు.

చివరిగా పసుపుది. అక్క దాన్నీ అదే పిసుకుడు పిసికింది. తాగితే చాయ్‌లాగే ఉంది. చేదు లేదు, ఎర్రగా ఉంది, వాసన ఉంది. ఇద్దరం బావ గ్లాసు చూశాం. అడుగు మెరుస్తోంది.

"ఖతం, గిదే" అన్నాను. నాకు నేనే శాలువా కప్పుకునేంత సంబరపడ్డాను.

గురువారం ఆటోలో సాంబారు బకెట్టు, ఇడ్లీ పాత్ర, పిండి గిన్నెలు, మేం ముగ్గురం. గెస్ట్ హౌస్‌లో నలుగురు ఇంజనీర్లు దిగి ఉన్నారు, దేశం నలుమూలలవాళ్లు. వాళ్లలో పెద్దాయనకి నెరిసిన మీసాలు, నవ్వని మొహం. అక్క వేసిన మొదటి గారె ఆయన మొహాన్ని కొంచెం కదిలించింది. మూడో గారెకి మీసం కింద పళ్లు కనిపించాయి. మేనేజర్ మా వైపు చూసి తల ఊపాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడు టీ. తెల్ల పింగాణీ కప్పులు, ఫ్లాస్కులో వేడినీళ్లు, కప్పుకో పసుపు డబ్బా సంచి. నలుగురూ దారాలు పట్టుకుని కాసేపు ముంచారు, తీశారు, సాసర్‌లో పక్కన పెట్టారు. అంతే. ఎవరూ పిండలేదు. నాలుగు సంచులూ ఉబ్బిన బుగ్గల్లా సాసర్లలో కూర్చున్నాయి. కప్పుల్లో నీళ్లు గడ్డి కడిగిన రంగుకి తిరిగాయి.

పెద్దాయన ఒక గుక్క తాగి మేనేజర్‌తో హిందీలో అన్నాడు, "నీళ్లు బాగున్నాయి. టీ ఎప్పుడొస్తుంది?"

నేను సాంబారు బకెట్టు వెనక్కి జరిగాను. నా తప్పు నాకు ఒక్కసారిగా అర్థమైంది. మేము తీర్పు చెప్పింది ఆరు చాయ్‌ల మీద కాదు, అక్క పిడికిలి మీద. ఆ పిడికిలి కింద గట్టి ఆకులన్నీ విషమై, పస లేని ఆకు ఒక్కటే చాయ్ అయింది. సూర్యాపేట నుంచి వచ్చిన పండితుడికి, మిగతావాళ్లు సంచిని పిండకుండా పడేస్తారన్న ఆలోచనే రాలేదు.

మేనేజర్ డబ్బా తిప్పి చూశాడు. "ఎవరమ్మా ఇది ఎంచింది?"

అక్క నా వైపు చూపిస్తే సరిపోయేది. చాయ్ దుకాణం నాది, పరువు పోతే నాది పోతుంది.

"నేనే సారు. ఇంట్ల మేము పిండి తాగినం. మీరు పిండరని మాకు ఎరుకలేదు."

"పిండటమేంటమ్మా?"

అక్క కొత్త కప్పులో కొత్త సంచి వేసి, కాసేపాగి, తీసి, అందరి ముందూ పిసికింది. నీళ్లు చూస్తుండగానే చాయ్ అయ్యాయి. పెద్దాయన ఆ కప్పు తెప్పించుకుని తాగాడు. "ఇది టీయే" అన్నాడు. "కానీ రోజూ పొద్దున ఈవిడ నా పక్కన నిలబడాలి." నలుగురూ నవ్వారు. మేనేజర్ నవ్వలేదు.

"టిఫిన్‌కి వంక లేదమ్మా. కానీ కోదాడ నుంచి ఒక హోటలాయన కూడా అడుగుతున్నాడు. సోమవారం దాకా ఆగుతాను. టీ సరిచేసుకుని రండి. అప్పుడూ ఇలాగే ఉంటే నన్నేం అనుకోవద్దు."

తిరుగు ఆటోలో ఖాళీ గిన్నెలు ఒక్కటే మాట్లాడాయి. వాడపల్లి దాటాక నేను నోరు తెరిచాను.

"తప్పు నాది అక్కా."

"నీదే. మల్ల అది చెప్పనీకె ఇంత దూరం దాక ఆగినవా?"

"నువ్వే పిసికినవ్ గద."

"నేను పిసికిన, నువ్వు సూసినవ్, మీ బావ మంచిగుందన్నడు. దొంగల ముఠా లెక్క ముగ్గురం ఒక్కటే."

బావ మంచిగుందని కూడా అనలేదు.

శనివారం రెండో తీర్పు. ఈసారి ఎవరూ పిండకూడదు. అక్క తన చేతులను నమ్మలేక వాటిని కొంగులో చుట్టుకుని కూర్చుంది. బావ ఫోన్‌లో మూడు నిమిషాలు చూస్తున్నాడు. నేను సంచి తీసి పక్కన పెట్టినప్పుడల్లా అది కారుతుంటే అక్క మొహం చూడలేకపోయాం.

"పాణం పోతున్నదిరా. అండ్ల ఇంకో గ్లాసుంది."

"ఉండనీ."

పసుపుది గెస్ట్ హౌస్‌లో ఎలా ఉందో అలాగే ఉంది, ఎవరో చాయ్ గురించి మాట్లాడుకుంటుంటే పక్కన పెట్టిన నీళ్లలా. తెల్లదీ పచ్చదీ పర్వాలేదు. టైరు నీళ్లనుకున్న నీలంది మర్యాదగానే ఉంది కానీ మింగగానే మాయమైంది. ఎర్రది బాగుంది, మొదట కొంచెం వగరు, తర్వాత తియ్యదనం లాంటిదేదో.

కరెంటు స్తంభం ఉంది కదా, నల్లది, దాన్ని భయపడుతూ తాగాను. గొంతు దిగాక కూడా నోట్లో కాసేపు ఉంది. పుట్నాలు వేయించిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టు ఒక వాసన. చక్కెర లేదు, పాలు లేవు, అల్లం లేదు, దాక్కోవడానికి ఆకుకి చోటే లేదు. ఇన్నేళ్లుగా నేను జనానికి పోసింది పాలూ చక్కెరా అని అప్పుడు తెలిసింది. ఆకు నా దుకాణంలో రంగు వేసే కూలీ మాత్రమే. ఈ సంగతి నా గిరాకీలకి ఇంతవరకూ చెప్పలేదు, చెప్పను కూడా.

"నాకు ఎర్రది" అంది అక్క.

"నాకు నల్లది" అన్నాను.

జడ్జీలు చీలిపోయారు. సోమవారానికి ఒకే డబ్బా వెళ్లాలి. ఇద్దరం మూడో జడ్జి గ్లాసుల వైపు చూశాం. ఎర్రదాని అడుగూ కనిపిస్తోంది, నల్లదాని అడుగూ కనిపిస్తోంది. నేను కనిపెట్టిన శాస్త్రం అక్కడితో అయిపోయింది.

"ఏందయ్యా, నోరు తెరువు. నా బతుకు గీ డబ్బాల ఉంది" అంది అక్క.

బావ రెండు గ్లాసులనూ మార్చి మార్చి చూశాడు. నల్ల డబ్బా గ్లాసును ముందుకు జరిపాడు.

"గిది ఇంకింత పొయ్."

కాపురంలో ఆయన ఏదైనా మారడిగి తాగడం అదే మొదటిసారని అక్క తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం కొంగులోంచి చేతులు తీసి ఇంకో సంచి వేసింది. మూడు నిమిషాలు ఫోన్ చూసింది. తీసి, పిండకుండా, పక్కన పెట్టింది.

సోమవారం నేను గెస్ట్ హౌస్ లోపలికి వెళ్లలేదు. గేటు బయట ఆటోలో కూర్చుని, ఆటో డ్రైవర్‌కి డిప్ చాయ్ మీద ఉపన్యాసం ఇచ్చాను. అతను మధ్యలో నిద్రపోయాడు. ఎనిమిదిన్నరకి బావ ఇడ్లీ పాత్రతో బయటికొచ్చాడు. ఆయన మొహంలో ఏదైనా చదవగలిగితే నేను బడిలోనే ఉండేవాణ్ణి. ఆయన వెనక అక్క, అక్క వెనక మేనేజర్.

"రేపట్నుంచేనమ్మా. ఏడున్నరకల్లా ప్లేట్లో ఉండాలి. పెద్దాయన రెండో కప్పు అడిగాడు, చూశారుగా" అన్నాడతను.

"ఏడుకే పెడతం సారు" అంది అక్క.

మిర్యాలగూడలో దిగగానే ఆమె ఇంటికి పోలేదు. నేరుగా కిరాయి గదికి నడిచింది. పెనం నా భుజం మీద, గ్రైండరు బావ భుజం మీద, డబ్బాలు, చట్నీ గిన్నెలు గంపలో ఆమె నెత్తి మీద. తాళం వేసి, తాళంచెవి పక్కింట్లోనే ఉండే ఇంటాయన చేతిలో పెట్టింది. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

"గింత జల్దేముందమ్మా" అన్నాడాయన, కొంచెం నొచ్చుకున్నట్టు. "నేనేమన్న ఎల్లగొడుతున్ననా. నెల ఒడిసేదాక ఉండు."

"ఉండుడు గాదు" అంది అక్క, గంప సర్దుకుంటూ. "పొద్దుగాల్ల పనున్నది మాకు."